ఊడ్పువేళ మఱుగుపడు దోషము



మన జహీరాబాదు ప్రాంతమున చెఱకు తూచు కాటా నెఱుగనివారు లేరు. బండి వచ్చును, తూకము వ్రాయబడును, బల్ల యూడ్వబడును, మఱియొక బండి వచ్చును. తూకమున చెడుగు కలిగినచో పనివాడు కేక వేయవలెను. కేక వేసినను వేయకున్నను బల్ల నూడ్చుట తప్పదు. ఇక ఊడ్చువానికి, ముందటి సంగతి విచారింపక తరువాతి బండిని పిలువుమని యాజ్ఞ యిచ్చితిమనుకొనుడు. కేక నోటనే యడగును. బల్ల శుభ్రముగానే యుండును. రైతు తూకము మాత్రము పోవును.

మన పిల్లలు నేర్చు పైథాన్ అను కంప్యూటరు భాషయందును ఈ చిక్కే కలదు. పేరు విని సర్పమని భ్రమింపవలదు. గీడో వాన్ రోసమ్ అను డచ్చివాడు 1991లో వెల్లడించిన ఈ భాషకు ఆంగ్లేయ హాస్యబృంద మొకదాని పేరు పెట్టబడినది. ఇందు మాటిమాటికి జరుగు పనిని లూప్ అనియు, నడుమ కలుగు విఘ్నమును ఎక్సెప్షన్ అనియు నందురు. వ్యాకరణము చదివినవారికి ఆ మాట అపవాదసూత్రమును స్ఫురింపజేయును గాని, ఇచ్చట నది సూత్రము గాదు, ఆటంకము. విఘ్నము కలిగినను కలుగకున్నను జరుగవలసిన శుద్ధికార్యమును ఫైనలీ అను ఖండమున వ్రాయుదురు. అందు బ్రేక్, అనగా లూప్ విడిచి పొమ్మనియో, కంటిన్యూ, అనగా తరువాతి యావృత్తికి పొమ్మనియో వ్రాసినచో, పైకి పోవలసిన విఘ్నవార్త అచ్చటనే నశించును. రిటర్న్ అను మాటకును ఇదే గతి.

పూర్వము ఆ ఖండమున బ్రేక్ చెల్లుచుండగా కంటిన్యూ మాత్రము నిషిద్ధమై యుండెను. ఆ నిషేధము నీతివిచారమువలన గాక, భాషానిర్మాణమందలి చిక్కువలన వచ్చినది; 2019లో 3.8వ కూర్పున తొలగెను. ఆ యేడే మూడింటిని నిషేధింపవలెనని వచ్చిన ప్రతిపాదన తిరస్కరింపబడెను. సీ షార్ప్ అను భాష యిట్టి నిష్క్రమణము నసలే యొప్పుకొనదు. నాకా కట్టుబాటే మేలుగా దోచుచున్నది. పిమ్మట ప్రసిద్ధములగు 8000 పైథాన్ ప్యాకేజీలను పరిశీలింపగా ఇట్టి ప్రయోగములు 203 దొరకెను. అందు 149 స్పష్టముగా దోషములు. 46 ఈ ప్రయోగమునే పరీక్షించుటకు బుద్ధిపూర్వకముగా వ్రాసినవి. 2025లో వెలువడిన 3.14వ కూర్పు ఇట్టి వ్రాతను జూచి హెచ్చరించును గాని నిషేధింపదు.

పరీక్ష యెట్లు చేయవలెను? విఘ్నములేని బండ్లను నూఱింటిని నడిపినను ఏమియు దెలియదు. పరీక్షకుడు తానే మూడవ బండివేళ కాటా చెడగొట్టవలెను. పిదప ఊడ్పు జరిగెనా, కేక వెలికి వినబడెనా యని చూడవలెను. కేక వినబడనిచో, నాలుగవ బండి వచ్చినను, కాటా మూయబడినను, దోషము పట్టుబడినట్లే. శుద్ధిఖండమునందే మొదలై అందే ముగియు చిన్న లూపున బ్రేక్ వాడుట హానికరము గాదు. దానిని వేఱుగా పరీక్షించి, నిరపరాధిని దండింపకుండ చూడవలెను. ఏ విఘ్నమును నిజముగా క్షమింపదలతుమో, దానిని పేరుపెట్టి ఎక్సెప్ట్ అను ఖండమున వ్రాయవలెను; తరువాతి బండిని పిలుచు నాజ్ఞ అచ్చట నుండవచ్చును.