పొగలో కనబడని గుంత

(మన సంఘం రామంతాపూర్ సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అగ్నిమాపక శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి కనుక నిప్పు గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. గ్యాసు జాగ్రత్తలు మీరు ఎన్నోసార్లు విన్నారు, వాటి జోలికి పోను. మంటల్లో చిక్కుకున్నవారిని వెతకడానికి లోపలికి పోయే ఫైర్‌మన్ కాలి కింద ఏముంటుందో మనవి చేస్తాను.

పొగ కమ్మిన గదిలో టార్చి వేసినా ముఖం ముందున్న చెయ్యి కనబడదు. ఫైర్‌మన్ గోడ తడుముకుంటూ, మోకాళ్ల మీద పోతాడు. నిలబడక తప్పకపోతే బరువంతా వెనక కాలి మీద ఉంచి, ముందు కాలితో నేలను నొక్కి చూస్తాడు. గట్టిగా ఉంటేనే అడుగు మారుస్తాడు. మెట్లు దిగేటప్పుడు వెనక్కి తిరిగి, పసిపిల్లవాడిలా ఒక్కొక్క మెట్టూ కాలితో వెతుక్కుంటూ దిగుతాడు. బయట జనం "తొందరగా పోండయ్యా" అని కేకలు వేస్తుంటారు. వారి ఆత్రం వారిది. కాని ఒక్క అడుగు తప్పితే, వెతకవలసినవారి లెక్కలో ఇంకొకరు చేరతారు.

ఇక మన ఇళ్ల సంగతి. రామంతాపూర్‌లో సంపు లేని ఇల్లు అరుదు. పైపుల నీళ్లు కింద పార్కింగులో మోకాలి లోతు నిలిచాయనుకోండి, సంపు మూత పక్కకు జరిగి ఉంటే ఆ గుంత ఎవరికి కనబడుతుంది? బాత్‌రూముల వెనక గాలి కోసం వదిలిన డక్టు పై అంతస్తు నుంచి కింది దాకా ఖాళీగా ఉంటుంది. దాని మీద ప్లైవుడ్డు పరిచి పాత సామాను పెట్టుకునేవారిని చాలామందిని చూశాను. చీకట్లో అదీ గచ్చులాగే తగులుతుంది. లిఫ్టు పైన ఉండిపోయి కింద తలుపు తెరుచుకుంటే, లోపలికి వచ్చినవాడికి అది ఇంకో గది. నాచారం వైపు ఫ్యాక్టరీ షెడ్ల మీద సిమెంటు రేకులుంటాయి. కింద దూలం ఉన్న చోట, బోల్టుల వరుస మీదనే కాలు పెట్టాలి. వెలుతురు కోసం వేసిన ఫైబరు రేకు దుమ్ము పట్టిపోతే పక్క రేకులో కలిసిపోతుంది.

ఇవి ముందునుంచీ ఉన్న గుంతలు. నిప్పు తయారుచేసే గుంత వేరు. సికింద్రాబాదు మినిస్టర్ రోడ్డులోని డెక్కన్ మాల్ మంటలు మీకు గుర్తుండే ఉంటాయి. అది 2023 జనవరి 19. మొదట్లో కొందరిని క్రేను సాయంతో దించారు. ముగ్గురు పనివారి ఆచూకీ దొరకలేదు. గంటల తరబడి మండి లోపలి స్లాబులు కూలిపోయాయి. చివరకు డ్రోను కెమెరా పంపి వెతికారు. లోపలికి ఎందుకు పోరని చాలామంది నిష్ఠూరమాడారు. పంపకపోవడమే సబబని నా అభిప్రాయం. స్లాబు చూపుకు నిక్షేపంలా ఉంటుంది. లోపలి ఇనుము మాత్రం 550 డిగ్రీల వేడి దగ్గర దాదాపు సగం బలం పోగొట్టుకుంటుంది. బయట నిలబడ్డ ఆ ముగ్గురి కుటుంబాలకు ఈ మాట ఏ నోటితో చెప్పగలం? అదీ నిజమే.

ఈ ప్రమాదం పాత భవనాలకో, మన ఊరికో పరిమితం కాదు. 1966 అక్టోబరు 17న న్యూయార్కు 23వ వీధిలో ఒక మందుల దుకాణంలోకి ఫైర్‌మన్లు వెళ్లారు. పైన మంట లేదు. నిప్పు కింద సెల్లారులో ఉంది. అక్కడి అడ్డుగోడను అంతకుముందే జరిపి కట్టారు. ఆ సెల్లారు దుకాణం కిందికి వచ్చిందని వారికి తెలియదు. మందమైన మొజాయిక్ గచ్చు కింది వేడిని పైకి తెలియనీయలేదు. గచ్చు కూలి 12 మంది చనిపోయారు. గోడ జరిపిన సంగతి తెలిసిన మనిషి ఒక్కడు వాకిట్లో నిలబడి చెప్పి ఉంటే ఎలా ఉండేదో అని ఇప్పటికీ అనుకుంటాను.

అందుకే మిమ్మల్ని అడిగేది ఒక్కటే. 101కు ఫోను చేశాక ఒకరు గేటు దగ్గర నిలబడండి. బండి రాగానే లోపల ఎందరున్నారో, ఏ గదిలో ఉన్నారో చెప్పండి. ఆ వెంటనే సంపు ఎక్కడ, డక్టు ఎక్కడ, కింద సెల్లారు ఉందా, లిఫ్టు ఏ అంతస్తులో ఆగింది, ఇవి చెప్పండి. ఈ పనికి పెన్షనరే తగినవాడు, పగటిపూట ఇంట్లో ఉండేది మనమే కదా! మా అపార్టుమెంటులో ఇవన్నీ ఒక కాగితం మీద గీసి వాచ్‌మన్ గదిలో అంటించాం. ఆ గీసేటప్పుడే రెండో అంతస్తు డక్టు మీద ప్లైవుడ్డు బయటపడింది. దాన్ని తీయించి ఇనుప జాలీ బిగించాం. సాయంత్రం ఇంటికి వెళ్లాక మీ డక్టు మీద ఏముందో ఒకసారి చూడండి.