పాత మచ్చలు దాచకండి



ఈ పూట చెప్పబోయే సంగతి మనలో చాలామంది పైకి అనుకోనిది. రొమ్ము క్యాన్సరు వచ్చి రొమ్ము తీసివేశాక, మన ఒంటి చర్మమూ, కొవ్వుతోనే మళ్ళీ ఆ ఆకారం కట్టే ఆపరేషను ఒకటి వున్నది. "ఈ వయసులో సోకులెందుకమ్మా" అనేవాళ్ళు వుంటారు. వాళ్ళ మాట అలా వుంచండి. అక్కరలేదనుకున్నవారికి అక్కరలేదు. కావాలనుకున్నవారు మాత్రం సిగ్గుపడవలసిన పని లేదు.

పురుళ్ళయ్యాక కుచ్చిళ్ళ కింద దాచుకుంటామే, ఆ జారిన పొత్తికడుపే ఇందుకు పనికివస్తుంది. (సన్నగా వున్నవారికి తొడ నుంచో, పిరుదు నుంచో తీస్తారు.) 1982లో అమెరికాలో హార్ట్‌రాంప్ అనే సర్జను ప్రకటించిన పద్ధతిలో పొట్ట కండరం కూడా పైకి తెచ్చేవారు. దానివల్ల పొట్ట బలం తగ్గేది, హెర్నియా భయం వుండేది. 1989లో జపాను వైద్యులు కోషిమా, సొయెడా కండరాన్ని వున్నచోటే వుంచి, అందులోంచి వచ్చే సన్నని రక్తనాళంతో చర్మం, కొవ్వు తీయవచ్చునని చూపించారు. తర్వాత కొద్ది ఏళ్ళకే దాన్ని రొమ్ము కట్టడానికి వాడారు. డి.ఐ.ఇ.పి. ఫ్లాప్ అంటారు.

పెరట్లో మొక్కను తీసి మరోచోట నాటేటప్పుడు వేరు తెగకుండా మట్టిబెడ్డతో సహా తీస్తాం చూశారూ, ఇదీ అంతే. ఇక్కడ వేరు రక్తనాళం. గజ్జల దగ్గర బయలుదేరిన ధమని పొట్ట కండరం వెనకగా పైకి పాకుతుంది. దాని కొమ్మలు కండరాన్ని తొలుచుకుని చర్మం కిందికి వస్తాయి. అవి ఎక్కడ పైకి వస్తాయన్నది ఏ ఇద్దరికీ ఒక్కలా వుండదు. అంతెందుకు, ఒకే మనిషికి కుడి ఎడమలే ఒకలా వుండవు. అందుకని ముందుగా సి.టి. యాంజియోగ్రామ్ తీస్తారు. చేతి నరంలోకి మందు ఎక్కించి తీసే ఫోటో అది. ఈ పనికి దాన్ని 2006 ప్రాంతం నుంచి వాడుతున్నారు. ఏ కొమ్మ లావుగా వుంది, ఏది తిన్నగా వచ్చింది, ఏది కండరంలో మెలికలు తిరిగింది, అన్నీ అందులో తెలుస్తాయి. తిన్నగా వచ్చిన కొమ్మ దొరికితే కండరాన్ని ఎక్కువ చీల్చనక్కరలేదు. కత్తి పట్టకముందే సగం ఆపరేషను ఆ ఫోటో మీద అయిపోతుందన్నమాట. మూత్రపిండాల జబ్బుగాని, అలాంటి మందు పడకపోవడంగాని వుంటే ఫోటోకి ముందే చెప్పాలి.

ఇక అసలు మాట. మన పొట్టలమీద కోతలు తక్కువా? సిజేరియన్లు, పిల్లలు కలగకుండా చేయించుకున్న ఆపరేషన్లు, గర్భసంచి తీయించుకోవడాలు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో గర్భసంచి తీయించుకున్నవారు ఎక్కువగా వున్న రాష్ట్రాలలో మన రెండూ ముందున్నాయి. "ఎప్పటిదో కదా" అని ఆ మాట దాటేస్తాం. దాటేయకూడదు. పొత్తికడుపు అడుగున అడ్డంగా కోసిన సిజేరియను మచ్చ మామూలుగా అడ్డం కాదు. బొడ్డు కింద నిలువుగా కోసినదైతే, ఒక పక్క రక్తం మచ్చ దాటి రెండో పక్కకు సరిగా అందదు. అప్పుడు సగమే వాడుకోవాలి, లేదా రెండు పక్కల నాళాలూ కలపాలి. కుడి డొక్క కింద పిత్తాశయం తీసిన పెద్ద గాటు వుంటే పొట్ట కోత మానడం కష్టం కావచ్చు. కొవ్వు తగ్గించడానికి పొట్ట చర్మం కోయించుకున్నవారికి ఆ కొమ్మలు అప్పుడే తెగిపోయి వుంటాయి. వారికి సాధారణంగా ఈ దారి లేదు. గుండెకు బైపాసు అయివుంటే అదీ చెప్పాలి. రొమ్ము ఎముక పక్కనుండే ధమనిని బైపాసుకు తరచు వాడతారు, ఇక్కడ నాళం కలపవలసింది కూడా దానికే.

రెండు మూడు మిల్లీమీటర్ల నాళాలను మైక్రోస్కోపు కింద, తలవెంట్రుక కన్నా సన్నని దారంతో కుడతారు. రక్తనాళాలు కుట్టే విద్యకు 1912లో నోబెల్ బహుమతి పొందిన అలెక్సి కారెల్, ఫ్రాన్సులోని లియోన్‌లో ఒక ఎంబ్రాయిడరీ పనావిడ దగ్గర కుట్టు నేర్చుకున్నాడని చెబుతారు. మన కుట్టుపనిని చిన్నచూపు చూసే మగవారు ఈ మాట వినాలి.

పొగాకు సంగతి కూడా. శ్రీకాకుళం, విశాఖ వైపు అడ్డపొగ తాగే పెద్దమ్మలు వున్నారు. నికోటిను సన్న నాళాలను బిగించేస్తుంది, కుట్టిన చోట రక్తం ఆడదు. కనీసం నాలుగు వారాల ముందే మానమంటారు. "ఒక్క చుట్టేగా" అని కోడలిచేత అబద్ధం చెప్పించవద్దు. రేడియేషను ఇవ్వవలసి వుంటే, చాలాచోట్ల అది ముగిశాకనే ఈ ఆపరేషను పెట్టుకోమంటారు.

అయ్యాక మొదటి రోజు గంటగంటకూ నర్సు వచ్చి కొత్త చర్మం రంగు, వేడి చూసి పోతుంది. నాళం మూసుకుంటే వెంటనే మళ్ళీ థియేటరుకు తీసుకువెళ్ళాలి గనక నిద్ర చెడిందని విసుక్కోకండి. ఇవన్నీ బాగా జరిగినా స్పర్శ మునుపటిలా రాదు, ఆ సంగతీ ముందే అడిగి తెలుసుకోండి.

డాక్టరుగారి దగ్గరకు వెళ్ళేముందు ట్రంకుపెట్టె అడుగున పడివున్న పాత ఆసుపత్రి కాగితాలు తీసి పట్టుకువెళ్ళండి. అవి దొరక్కపోతే మచ్చ చూపించి, ఏ కాన్పుదో, ఎన్నేళ్ళ కిందటిదో చెప్పండి.