పదమూడు వారముల నర్సు ఉద్యోగము
(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ శిబిరమున చేసిన ప్రసంగ పాఠము)



ప్రచార కార్యక్రమములపై మేము గ్రామములకు వెళ్ళినపుడు ప్రజలు రోడ్లను గూర్చియు, పింఛనులను గూర్చియు అడుగుట పరిపాటి. ఇప్పుడు వానితోపాటు మరియొక ప్రశ్న కూడ వినవచ్చుచున్నది. “మా అమ్మాయి నర్సింగు చదివినది. అమెరికాలో మూడు నెలల కొక ఆస్పత్రిలో పనిచేసినచో లక్షలు వచ్చునట. ఏజెంటు ముందుగా పైకము కట్టుమనుచున్నాడు. పొలము తాకట్టు పెట్టవచ్చునా?” అని. అట్టి ఉద్యోగము ఉన్న మాట నిజమే. ఏజెంటు చూపు దారిలో అది దొరకునా యనునది వేరు ప్రశ్న. రెండింటిని గూర్చియు మీకు తెలిసి యుండవలెను. తాకట్టు పత్రము వ్రాయుటకు ముందు సలహా కొరకు జనులు వచ్చునది మీ యొద్దకే గదా!

అమెరికా సంయుక్త రాష్ట్రములలో పలు ఆస్పత్రులకు నర్సులు చాలరు. చలికాలమున ఫ్లూ జ్వరములు ప్రబలినప్పుడు, ఉన్న నర్సులు ప్రసూతి సెలవుపై వెళ్ళినప్పుడు ఆ కొరత హెచ్చగును. అప్పుడు ఏజెన్సీలనబడు సంస్థలు తాత్కాలికముగా నర్సులను పంపును. వీరినే ట్రావెల్ నర్సులందురు. ఒప్పందము సాధారణముగా 13 వారములు. వారమునకు మూడు దినములు, దినమునకు 12 గంటలు పని. గడువు తీరిన పిమ్మట అచ్చటనే పొడిగించుకొనవచ్చును, లేదా మరియొక ఊరికి పోవచ్చును. నాట్లకును కోతలకును పొరుగు ప్రాంతముల నుండి ముఠాలు వచ్చుట మనమెరిగినదే. ఇది దానికి దూరపు చుట్టము. ముఠాకు మేస్త్రీ ఉన్నట్లే దీనికి ఏజెన్సీ యుండును. మేస్త్రీ వలెనే ఏజెన్సీ కూడ తన భాగము తాను తీసికొనును.

పని తేలిక కాదు. కొత్త ఆస్పత్రిలో అడుగిడిన ఒకటి రెండు దినములలోనే రోగులను అప్పగింతురు. మందులెచ్చట నుండునో, ఏ కంప్యూటరులో రోగి వివరములు వ్రాయవలెనో, ఏ డాక్టరు స్వభావమెట్టిదో అన్నియు అంతలోనే తెలిసికొనవలెను. అందుచేతనే ఒకటి రెండు సంవత్సరముల అనుభవము లేనివారిని సామాన్యముగా తీసికొనరు. ఒక వార్డులో రోగులు తగ్గినచో ఇంకొక వార్డుకు తరచుగా మొదట పంపబడువారు వీరే. గడువుకు ముందే ఆస్పత్రి ఒప్పందమును రద్దు చేయుటయు కలదు. కోవిడ్ మహమ్మారి కాలమున, 2020, 2021 సంవత్సరములలో, కొన్ని చోట్ల వీరికి వారమునకు 5,000 డాలర్లకు మించి చెల్లించిరి. పిమ్మట ఆ రేట్లు బాగుగా తగ్గినవి. ఇప్పటికిని ఆనాటి అంకెలనే కాగితముపై వ్రాసి చూపువారు కలరు.

ఇక అర్హత సంగతి. అచ్చట ప్రతి రాష్ట్రమునకును వేరు లైసెన్సు కలదు. 2000 సంవత్సరము నుండి కొన్ని రాష్ట్రములు ఒకరి లైసెన్సును మరియొకరు అంగీకరించు ఒడంబడికలో చేరుచు వచ్చినవి. నేడు అందు 40కి పైగా రాష్ట్రములు కలవు. లైసెన్సుకు ఎన్‌క్లెక్స్ అను పరీక్షలో ఉత్తీర్ణులు కావలెను. దానిని హైదరాబాదులోనే వ్రాయవచ్చును. మన బాలికలు శ్రమించి చదివి ఉత్తీర్ణులగుచున్నారు. కాని పరీక్ష నెగ్గుట వేరు, ఆ దేశమున పనిచేయుటకు అనుమతి పొందుట వేరు. ఈ రెండింటి నడుమ నున్న సందులోనే దళారి నిలుచుండును.

విదేశీ నర్సులకు తాత్కాలిక వీసా నొసగు చట్టమును అమెరికా 1989లో చేసినది. దాని గడువు 1995లో ముగిసినది. తరువాత వచ్చిన మరియొక చిన్న పథకమును 2009లో ముగిసినది. కెనడా, మెక్సికో దేశముల నర్సులకు మాత్రము ఒక వాణిజ్య ఒప్పందము క్రింద వీలు కలదు. మనవారు సాధారణముగా శాశ్వత నివాసపు వీసాపై పోవలసినదే. ఆ వరుసలో భారతీయుల నిరీక్షణ పది సంవత్సరములకు మించి యున్నది. కనుక “మూడు నెలలలో పంపెదను, 13 వారములు చేసి రండి” యని మీ ఊరి అరుగుపై చెప్పువాడు అబద్ధమాడుచున్నాడని నిస్సందేహముగా చెప్పవచ్చును. సందర్శక వీసాపై పోయి నర్సు పని చేయుట అచ్చటి చట్టమునకు విరుద్ధము.

న్యాయముగా పోయిన వారికిని జాగ్రత్త కావలెను. పంపిన సంస్థ రెండు మూడేండ్లు తన క్రింద పనిచేయవలెననియు, నడుమ విడిచినచో జరిమానా కట్టవలెననియు వ్రాయించుకొనుట కలదు. ఫిలిప్పీన్సు నుండి వచ్చిన నర్సులపై విధించిన 25,000 డాలర్ల షరతు చెల్లదని 2019లో న్యూయార్కులోని ఒక ఫెడరల్ న్యాయస్థానము తీర్పు చెప్పినది. అంతవరకు అది వారిని కట్టి పడవేసినది.

గల్ఫు దేశములకు దారి దగ్గరిది గనుక అచ్చట మోసములు కూడ దగ్గరివే. 2014లో ఇరాకులోని తిక్రిత్ నగరమున యుద్ధము నడుమ చిక్కుకొనిన 46 మంది భారతీయ నర్సులను మీరు మరచియుండరు. వారు దాదాపు అందరును కేరళ బిడ్డలు. జీతములు బకాయి పడినవి, ఇంటి వద్ద అప్పులు పెరుగుచున్నవి. అందుచే ప్రాణభయమున్నను పలువురు వెంటనే తిరిగి వచ్చుటకు వెనుకాడిరి. ఆ జూలైలో ప్రత్యేక విమానమున కొచ్చి చేరిరి. మరుసటి యేడు, అనగా 2015లో, గల్ఫు దేశములతో సహా 18 దేశములకు పోవు నర్సులందరును వలస అనుమతి పొందవలెనని కేంద్ర ప్రభుత్వము నిర్ణయించినది. లైసెన్సు గల ఏజెంటు తీసికొనదగిన రుసుము 30,000 రూపాయలు, దానిపై జి.ఎస్.టి. మాత్రమే. అంతకు మించి అడుగువానిని రసీదు ఇమ్మని అడిగి చూడుడు, మాట మార్చును. ఏజెంటుకు లైసెన్సు కలదో లేదో ఈ-మైగ్రేట్ అను ప్రభుత్వ వెబ్‌సైటులో చూడవచ్చును. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓమ్‌క్యాప్ అను ప్రభుత్వ సంస్థలు ఈ పనికే యున్నవి.

పంచాయతీ చేయగల పని యొకటి మా దృష్టిలో మిక్కిలి ముఖ్యము. అది పేర్ల సంగతి. పదవ తరగతి సర్టిఫికెట్టులో ఇంటిపేరుకు ఒక పొడి అక్షరము. పాసుపోర్టులో పూర్తి ఇంటిపేరు. పెండ్లి అయిన పిమ్మట ఆధారు కార్డులో అత్తవారి ఇంటిపేరు! విదేశమున కూర్చుండి కాగితములు పరిశీలించు గుమాస్తాకు ఈ ముగ్గురును వేరు వేరు మనుష్యులు. ఇందువలన నెలలు గడచిపోవుచున్నవి. జనన ధ్రువపత్రము మొదలుకొని అన్నింటను పేరొక్క తీరుగా నుండునట్లు, బాలిక నర్సింగులో చేరిన నాడే తల్లిదండ్రులకు చెప్పి సవరింపజేయుడు. రాష్ట్ర నర్సింగు కౌన్సిలులో రిజిస్ట్రేషను సకాలమున పునరుద్ధరించుకొనుట కూడ అంత అవసరము.

చదువు ముగిసిన వెంటనే విదేశమునకు తొందరపడు వారికి, జిల్లా ఆస్పత్రిలోనో ఏరియా ఆస్పత్రిలోనో రెండేండ్లు పనిచేయుమని మేము చెప్పుచున్నాము. ఒప్పందపు ఉద్యోగమైనను అనుభవ పత్రము లభించును. అది ఏ దేశమున నైనను అడుగుదురు. జీతము తక్కువ యని ఇంటివారు సణుగుట మేమెరుగుదుము, వారి బాధ అకారణము కాదు.

ఒప్పంద పత్రము చేతికి వచ్చినప్పుడు అది ఆంగ్లమున నుండును. సంతకమునకు ముందు తెలిసిన వారిచే చదివించి, జీతమెంత, వసతి ఎవరిది, నడుమ విడిచినచో కట్టవలసినదెంత యను మూడింటిని తెలుగున వ్రాయించి, నకలు ఒకటి ఇంటి వద్ద ఉంచుకొనునట్లు చూడుడు.