నగర సభ్యుని అధికారమెంత?

ఆషాఢమాసములో ఎల్లమ్మ కల్యాణము చూచుటకు బల్కంపేటకు వేలాది జనము వత్తురు. ఆ దినములలో గట్టి వాన కురిసెనా, వీథిలో మురుగు పొంగును. గృహస్థు వెంటనే తలచుకొనునది కార్పొరేటరును. "ఓటు వేసి గెలిపించితిమి గదా, కాలువ బాగుచేయింపలేడా?" అనును.

ప్రశ్న న్యాయమైనదే. కాని 1955 నాటి హైదరాబాదు మునిసిపల్ కార్పొరేషన్ల చట్టము కార్యనిర్వహణాధికారమును కమీషనరున కప్పగించినది. 2007లో మహానగర కార్పొరేషను ఏర్పడిన పిదపను ఈ పద్ధతి మారలేదు. సభ్యుడు తానొక్కడే ఒక కూలీని నియమింపజాలడు, ఒక్క రూపాయి మంజూరు చేయజాలడు. ఆతని బలమంతయు సభలో నున్నది. కమీషనరు సిద్ధపరచిన బడ్జెటు స్థాయీసంఘము మీదుగా సభకు వచ్చును. దానిని సవరించుటకును ఆమోదించుటకును సభకే హక్కు. వీథులూడ్పించుట, దీపములు వెలిగించుట చట్టము విధించిన విధులు. వానిలో లోపము కనబడినచో సభ్యుడు ప్రశ్న వేసి సమాధానము రాబట్టవచ్చును. పూలమాలలకు మెడ చాచు సభ్యునికన్న ఇట్టి ప్రశ్న వేయువాడే నా దృష్టిలో ఘనుడు.

మురుగు సంగతి మరింత చిక్కు. 1989లో జలమండలి ఏర్పడగా మంచినీరును, భూగర్భపు మురుగు గొట్టములును దాని వశమైనవి. వాననీటి కాలువలు కార్పొరేషను వంతున నిలిచినవి. పొంగిన నీరు దేనినుండి వచ్చినదో తేలువరకు రెండు కార్యాలయములును బాధ్యతను ఒకదానిపై నొకటి నెట్టుకొనవచ్చును. ఆ ఇరువురు ఇంజనీర్లను ఒకే ఉదయమున ఆ మ్యాన్‌హోలు వద్దకు రప్పించుట సభ్యుని పని. అందుకు ఆతనికి చట్టమిచ్చిన అధికారమేమియు లేదు. ఓటర్లిచ్చిన పలుకుబడి యున్నది.