నాయనమ్మ ఆయాని ఎందుకు కొట్టింది?

ఈ ఎపిసోడ్ కొంచెం పర్సనల్. మా నాయనమ్మకి డిమెన్షియా. రెండేళ్లుగా హైదరాబాద్‌లో ఒక కేర్ హోమ్‌లో ఉంటోంది. ఆ మధ్య అక్కడి నుంచి ఫోన్ వచ్చింది. "సార్, స్నానానికి లేపుతుంటే అమ్మగారు ఆయాని కొట్టారు. రాత్రిళ్లు నిద్రమాత్ర వేస్తున్నాం" అన్నారు. జబ్బు ముదిరిందేమో అనుకుని సరే అనేశా.

నెల తర్వాత వెళ్లా. కుర్చీలోంచి లేపబోతే మోకాలు పట్టుకుని మొహమంతా ముడుచుకుంది. "నొప్పిగా ఉందా?" అంటే "లేదు నాన్నా" అంది. అప్పుడు గుర్తొచ్చింది. ఇంట్లో ఉన్నప్పుడు మోకాళ్ల అరుగుదలకి రోజూ మాత్ర వేసుకునేది. హోమ్‌లో చేర్చినప్పుడు ఆ మందుల చీటీ ఇవ్వడం మర్చిపోయింది మేమే.

డిమెన్షియా వస్తే నొప్పి తగ్గిపోదు, చెప్పుకునే శక్తి తగ్గుతుంది. మా సాఫ్ట్‌వేర్ వాళ్ల భాషలో, ఎర్రర్ మెసేజ్ రాని బగ్ అన్నమాట.

2011లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక స్టడీ వచ్చింది. పశ్చిమ నార్వేలో 18 నర్సింగ్ హోమ్‌లు. (మన దగ్గరలా ఆసుపత్రులు కాదు, పెద్దవాళ్లుండే హోమ్‌లే.) డిమెన్షియా ఉండి, బాగా చిరాకుపడుతూ గొడవ చేసే 352 మందిని తీసుకున్నారు. దాదాపు సగం మందికి 8 వారాలు పద్ధతి ప్రకారం నొప్పి మందులిచ్చారు. వాళ్లలో ఎక్కువమందికి ఇచ్చింది మామూలు పారాసిటమాలే! ఆ గొడవ స్కోరు సగటున 17 శాతం తగ్గింది.

మరి నోటితో చెప్పలేనివాళ్ల నొప్పి ఎలా తెలుస్తుంది? పెయినాడ్ అని ఒక స్కేల్ ఉంది. ఊపిరి ఎలా ఉంది, మూలుగుతున్నారా, మొహం ఎలా ఉంది, ఒళ్లు బిగబట్టారా, ఓదారిస్తే ఊరుకుంటున్నారా. ఒక్కోదానికి 0 నుంచి 2, మొత్తం 10. ఊరికే కూర్చున్నప్పుడు చూస్తే సరిపోదు, లేపేటప్పుడు, పక్కకి తిప్పేటప్పుడు చూడాలి. నేను అన్ని నెలలూ వీడియో కాల్‌లో కూర్చున్న నాయనమ్మనే చూశా.

డాక్టర్‌ని అడిగితే నిద్రమాత్ర ఆపించి, పారాసిటమాల్ టైమ్ ప్రకారం రాశారు. "నొప్పి ఉంటే ఇవ్వండి" అని రాస్తే లాభం లేదట, ఆవిడ ఎప్పటికీ అడగదు కదా. డోసు మాత్రం డాక్టరే చెప్పాలి, లివర్ సంగతి చూడాలి, మీరు కొనేసి వేయకండి.

ఇప్పుడు మాత్ర వేసిన గంటకి స్నానం. ఆయాని కొట్టడం లేదు. తిట్టడం మాత్రం మానలేదు. అది జబ్బు రాకముందు నుంచీ ఉన్నదే.