చార్మినారును చూచిన ఫ్రెంచి యాత్రికుడు



చూచివచ్చుట వేఱు, చూచినదానిని వ్రాసియుంచుట వేఱు. చార్మినారు క్రిందుగా ఎన్ని లక్షల జనులు నడచిపోయిరో లెక్క లేదు. వారి చూపు వారితోనే పోయినది. వ్రాసియుంచినవాని చూపు మాత్రము నిలిచినది. అట్టివారిలో జాన్ డి తెవెనో యను ఫ్రెంచి యాత్రికుడు ఒకడు.

తెవెనో 1633లో ప్యారిసు నగరమున జన్మించెను. టర్కీ, అరబ్బీ, పారసీక భాషల నభ్యసించెను. 1666 జనవరిలో సూరతు రేవున దిగి, సుమారు 13 మాసములు ఈ దేశమున సంచరించెను. గోలకొండ మీదుగా మచిలీపట్టణము వఱకు వచ్చి, మరల సూరతు చేరెను. అప్పుడు గోలకొండ రాజ్యము నేలుచుండినవాడు అబ్దుల్లా కుతుబ్ షా. చార్మినారు 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించినది గనుక, తెవెనో చూచునాటికి దానికి 75 ఏండ్లు. నేడు నలువైపుల గానవచ్చు గడియారములు అప్పుడు లేవు. అవి 1889లో అమర్చబడినవి.

ఆ యాత్రికుడు కట్టడమును చూచి 'ఆహా' యని యూరకుండలేదు. గ్రామమున పొలము అజమాయిషీ చేయువానివలె నలుప్రక్కల పరికించెను. ఒక్కొక్క ముఖము వెడల్పు సుమారు 10 బారలనియు, నాలుగు దిక్కుల నాలుగు తోరణద్వారములు గలవనియు, మూలకొక స్తంభగోపుర మున్నదనియు, ఒక్కొక్క గోపురమునకు నాలుగేసి వసారాలు గలవనియు వ్రాసెను. బార కాఱడుగుల చొప్పున 10 బారలు 60 అడుగులు. నేటి కొలత ప్రకారము ఒక్కొక్క ప్రక్క సుమారు 66 అడుగులు. కంటి అంచనాకు ఇది మెచ్చదగినదే. తోరణము వెడల్పును మాత్రము 4 బారలనెను. అది నిజమునకు సుమారు 36 అడుగులు. కొలత వ్రాసినందుననే సరియైన దేదో, తప్పిన దేదో నేడు తేల్చుటకు వీలైనది. వట్టి పొగడ్తను ఎవరు సరిచూడగలరు?

పై అంతస్తుల వసారాలు రాజమందిరమునకు నీరు ఎక్కించుటకు ఉపయోగపడునని కూడ ఆయన వ్రాసెను. ఆ నగరమున ఈ కట్టడపు వెలుపలి సొగసును మించినది వేఱొకటి లేదని మెచ్చుకొనెను. ఆ వెంటనే, దాని చుట్టును కఱ్ఱలతో కట్టి గడ్డి కప్పిన అంగళ్లలో పండ్లు అమ్ముచున్నారనియు, అవి ఆ శోభను చెఱచుచున్నవనియు ఉన్నదున్నట్లు చెప్పెను.

రాజుల కట్టడములను వర్ణించువారు తఱచుగా విడిచిపెట్టునవి ఆ గడ్డి అంగళ్లే. యాత్రికుని కవి కంటికి నలుసులు. నేటి చదువరికి మాత్రము అవియే ఆనాటి బజారును, పండ్లమ్ముకొని బ్రతికిన సామాన్యులను కన్నులకు గట్టును. రాతికట్టడము తనంతట తాను నిలిచినది. గడ్డి పాకలు కాగితము మీదనే నిలిచినవి.

తెవెనో స్వదేశమునకు చేరలేదు. తిరుగుప్రయాణమున పారసీక దేశములోని మియానె వద్ద 1667 నవంబరు 28న, 34 ఏండ్ల ప్రాయమున మరణించెను. ఆయన భారతదేశయాత్ర 1684లో పుస్తకముగా వెలువడినది. మనిషి దారిలో ఆగిపోయెను. వ్రాత ఇల్లు చేరినది.

గ్రంథాలయ మనునది అట్టి వ్రాతలు చేరవలసిన యిల్లు. ఈ గ్రామమునుండి తిరుపతికో, కాశికో, హైదరాబాదుకో పోవువారు తాము చూచినదానిని కొలతతో, తేదీతో, మెచ్చుకోలును లోపమును కలిపి నాలుగు పుటలు వ్రాసి యిచ్చట నొసగినచో, రాబోవు తరములవారికి అదియే గొప్ప యాస్తి కాగలదు.