జాబితాకెక్కని మాట

కథ రాయడానికి పరిశోధన ఎందుకని అడిగితే, తప్పులు దొర్లకుండా ఉండటానికని చెబుతాం. రైలు రాని కాలంలో పాత్రను రైలెక్కించకుండా చూసుకోవడం మంచిదే, కానీ ఆపాటి జాగ్రత్త ప్రూఫులు దిద్దేవారూ పడగలరు. రచయితకు దక్కే అసలు లాభం వేరే ఉందని నా వాదన. ఆధారం ఎక్కడిదాకా మాట్లాడుతుందో, ఎక్కడ నోరు మూసుకుంటుందో తెలియడమే ఆ లాభం. దీనికి గురజాడ ‘కన్యాశుల్కం’ కంటే దగ్గరి సాక్ష్యం మనకు లేదు. అది నాటకం కదా అంటారేమో. కల్పనకు ఆధారం ఎలా పనికొస్తుందన్న విషయంలో నవలకూ నాటకానికీ భేదం లేదు.

1892లో ప్రదర్శించిన ఆ నాటకాన్ని 1897లో అచ్చువేసినప్పుడు గురజాడ ఇంగ్లీషులో ఒక పీఠిక రాశారు. విజయనగరం మహారాజా ఆనందగజపతి విశాఖపట్నం జిల్లాలో బ్రాహ్మణుల శుల్క వివాహాలకు జాబితా తయారు చేయించిన సంగతి అందులో ఉంది. మూడేళ్ళకు తేలిన లెక్క 1,034. పెళ్ళినాటికి 99 మంది పిల్లలకు ఐదేళ్ళు, 44 మందికి నాలుగు, 36 మందికి మూడు, ఆరుగురికి రెండు, ముగ్గురికి ఒక్క ఏడాది. ఆ పసికందుల వెల తలకు 350 నుంచి 400 రూపాయలు. ఇంత చెప్పి, ఈ లెక్క కచ్చితమైనది కాదనీ గురజాడే అంటారు. పిల్లకు డబ్బు పుచ్చుకున్నామని ఒప్పుకోవడానికి ఎవరికి నోరొస్తుంది? సంస్థానంలో శాసన పరిశోధకుడిగా పనిచేసిన మనిషి కనుక, రాతలో ఉన్నదాన్నీ రాతకెక్కనిదాన్నీ విడదీసి చూడటం ఆయనకు అలవాటే అయివుంటుంది.

ఆ జాబితాలో బేరం లేదు, మధ్యవర్తి లేడు, తల్లి ఏమందో లేదు. నాటకమంతా వాటితోనే నడుస్తుంది. కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడవేషం వేసి ముసలి లుబ్ధావధాన్లుకు పెళ్ళికూతురుగా అమ్ముతాడు. పెళ్ళికూతురు మాయమయ్యేసరికి ముసలాడి నెత్తిన ఖూనీ కేసు పడుతుంది. రామప్పపంతులు అందరి రహస్యాలతోనూ వ్యాపారం చేస్తాడు. జనం ఏది దాచుకున్నారో అదే ఇక్కడ కథ. గిరీశం నోరు విప్పితే ఉపన్యాసమే, అంకెలు వల్లించడానికి అంతకన్నా తగిన పాత్ర దొరకదు. అయినా అతని నోట ఆ 1,034 వినిపించదు. కాకతీయుల నవల రాస్తూ శాసనపాఠం మొత్తం మంత్రిగారి చేత చెప్పించే రచయితలు దీన్ని కాస్త గమనించాలి.

అగ్రహారాల మధ్యే బతికిన రచయితకు ఈ లెక్కలతో పనేమిటని ఒక ఆక్షేపణ ఉంది. 1892 నాటి ప్రేక్షకుల చేతిలో పీఠిక లేదు, వారికి దాని అవసరమూ లేదు. అది నిజమే. కానీ ఎరిగిన ఊళ్ళో ఒక తండ్రి కూతుర్ని అమ్మితే, అతనొక్కడే దుర్మార్గుడనిపిస్తుంది. వెయ్యిమంది ఉన్నారని తెలిశాక ఆ మాట అనలేం. నాటకంలో కూతుర్ని అమ్మజూసే అగ్నిహోత్రావధాన్లు రాక్షసుడిలా కాక, ముక్కుమీద కోపమూ కోర్టు వ్యాజ్యాల పిచ్చీ ఉన్న మామూలు సంసారిలా తయారవడానికి ఆ అంకె కొంత కారణమని నా ఊహ. పీఠికలో గురజాడ అలా చెప్పలేదు.

మరీ ఎక్కువ తెలిస్తే కల్పన ఎండిపోతుందన్నది రెండో ఆక్షేపణ. తెలిసిందంతా పేజీ మీద కుమ్మరించినప్పుడే ఆ ప్రమాదం. పుష్కరం గడిచాక, 1909లో, గురజాడ నాటకాన్ని దాదాపు కొత్తగా తిరగరాశారు. అందులో బాగా పెరిగింది వేశ్య మధురవాణి పాత్ర. ఏ జాబితాలోనూ ఆమెకు చోటు లేదు. ఖూనీ కేసు గుట్టు వకీలు సౌజన్యారావు పంతులుకు తెలిసేది కూడా దస్తావేజుల వల్ల కాదు, మగవేషంలో ఆయన ఇంటికి వచ్చిన ఆమె చెబితేనే.